పటాన్‌చెరు బెల్టు కెమిస్ట్రీ: తెల్ల పొడి ఎందుకు పేలుతుంది, బోరు నీళ్లలో ఉప్పు ఎందుకు పోదు

2025 జూన్ 30, సోమవారం ఉదయం సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 46 మంది చనిపోయినట్టు నిర్ధారణ అయింది. ఆనవాళ్లు కూడా దొరకని మరో ఎనిమిది మందిని కలిపితే మృతుల సంఖ్య 54. ఎవరు ఎవరో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మొదటి గంటల్లో చాలా చానళ్లు "రియాక్టర్ పేలింది" అని చెప్పాయి. రియాక్టర్ కాదని తర్వాత కంపెనీయే ప్రకటించింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే తెల్ల పొడి.

ఆ పొడి మనందరి ఇళ్లలోనూ ఉంది. అమ్మీ వేసుకునే బీపీ గోలీలో, అబ్బా వేసుకునే షుగర్ గోలీలో మందు కొంతే. మిగతాది ఆ మందును గోలీ ఆకారంలో పట్టి ఉంచే పదార్థం. చాలా గోలీల్లో ఆ పని చేసేది ఈ సెల్యులోజే. విషం కాదు, యాసిడ్ కాదు, కడుపులోకి పోయినా ఏమీ చేయదు. మరి అలాంటి పొడి అంతమంది ప్రాణాలు ఎలా తీస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు పదో తరగతి ఫిజికల్ సైన్స్ పుస్తకంలోనే ఉంది, 'రసాయన బంధం' అనే పాఠంలో. పరీక్ష అయిపోగానే చాలామందిమి దాన్ని అటకెక్కించేశాం. నేనైతే ఇంటర్ నుంచి కామర్స్‌లోకి పోయిన మనిషిని. కానీ పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, ఖాజీపల్లి చుట్టూ బతికేవాళ్లకు ఇది మార్కుల పాఠం మాత్రమే కాదు. డ్రమ్ము ఎందుకు ఉబ్బుతుంది, ట్యాంకులోకి దిగిన మనిషి ఎందుకు పైకి రాడు, బోరు నీళ్లు ఎంత కాచినా ఉప్పగానే ఎందుకు ఉంటాయి అనేవన్నీ ఈ పాఠంలోకే వస్తాయి.

రెండు రకాల పట్టు

మొదట ఒక తేడా తెలియాలి. అణువు లోపల పరమాణువుల్ని కలిపి ఉంచే పట్టు వేరు. ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య ఉండే పట్టు వేరు. మొదటిది రసాయన బంధం, రెండోదాన్ని అంతర అణుబలం అంటారు. ఇంట్లో వాళ్ల రక్తసంబంధం, వీధిలో వాళ్లతో పరిచయం లాంటివి అనుకోండి. బస్తీ ఖాళీ అయినంత మాత్రాన కుటుంబాలు విడిపోవు. నీళ్లు మరిగి ఆవిరైనప్పుడు జరిగేదీ అదే. అణువులు ఒకదాన్నొకటి వదిలేసి గాల్లోకి పోతాయి, కానీ ఒక్కో అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఎప్పటిలాగే కలిసి ఉంటాయి. ఆవిరి కూడా నీళ్లే.

లోపలి బంధాల్లో రెండు రకాలు మనకు ఎక్కువ పనికొస్తాయి. వంట ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేస్తుంది. ఇచ్చింది ధనావేశం, తీసుకుంది రుణావేశం. ఈ రెండూ అయస్కాంతాల్లా అతుక్కుంటాయి. ఇది అయానిక బంధం. ఇక్కడ విడివిడి అణువులంటూ ఉండవు, గళ్లు గళ్లుగా పేర్చిన ఆవేశాల గోడ అంతే. అందుకే ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల వేడి కావాలి. రెండోది సమయోజనీయ బంధం. ఇందులో ఇవ్వడం, పుచ్చుకోవడం ఉండదు, ఎలక్ట్రాన్లను ఇద్దరూ ఉమ్మడిగా వాడుకుంటారు. నీళ్లు, చక్కెర, నూనె, పెట్రోలు, మన మందుల్లో దాదాపు అన్నీ ఈ కోవలోవే.

బయటి పట్టు వీటితో పోలిస్తే చాలా బలహీనం. అన్ని అణువుల మధ్యా ఉండే చిన్నపాటి ఆకర్షణను వాండర్ వాల్ బలం అంటారు. అణువు పెద్దదైన కొద్దీ అది పెరుగుతుంది. అణువులో ఒక వైపు కాస్త ధనం, ఇంకో వైపు కాస్త రుణం ఉంటే ఆకర్షణ మరికొంత పెరుగుతుంది. అలాంటి అణువుల్ని ధ్రువ అణువులు అంటారు. హైడ్రోజన్ నేరుగా ఆక్సిజన్‌తోనో, నైట్రోజన్‌తోనో, ఫ్లోరిన్‌తోనో కలిసి ఉన్నప్పుడు వచ్చే ఆకర్షణ వీటన్నిటికంటే గట్టిది. దాని పేరు హైడ్రోజన్ బంధం. అసలు బంధంలో ఇరవయ్యో వంతు బలమే ఉంటుంది. కానీ లోకం నడిచేది చాలావరకు దాని మీదే.

నమ్మకం కుదరకపోతే ఈ లెక్క చూడండి. నీటి అణువు బరువు 18. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కుళ్లిన గుడ్ల వాసన గ్యాస్ అణువు బరువు 34. బరువైనది ఆలస్యంగా మరగాలి కదా? కానీ నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగితే, హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నాకి 60 డిగ్రీల కిందే మరిగిపోతుంది. కారణం ఒక్కటే. నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలున్నాయి, దాంట్లో ఆ స్థాయిలో లేవు. ఆ బంధాలే లేకపోతే మన మంజీరలో పారడానికి నీళ్లుండేవి కావు, అంతా ఆవిరే.

అన్నమూ, కట్టే, గోలీ

ఇప్పుడు ఆ తెల్ల పొడి దగ్గరికొద్దాం. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ ముక్కలు వేల సంఖ్యలో గొలుసులా కలిసిన పదార్థం. అన్నంలోని పిండి పదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే. ఒక ముక్కను ఇంకో ముక్కకి కలిపే బంధం ఏ వైపు తిరిగి ఉందనేదే తేడా. ఆ ఒక్క తిరుగుడు వల్ల బియ్యం ఉడికి అన్నమవుతుంది, మనకు అరుగుతుంది. సెల్యులోజ్ గొలుసులు మాత్రం తిన్నగా, పక్కపక్కనే ఒత్తుగా పడుకుని, మధ్యలో లెక్కలేనన్ని హైడ్రోజన్ బంధాలతో అల్లుకుపోతాయి. కట్టె ఉడకదు, కరగదు, మనిషికి అరగదు.

నూలు బట్ట కూడా దాదాపు మొత్తం సెల్యులోజే. కుర్తా ఎన్నిసార్లు ఉతికినా నీళ్లలో కరిగిపోదు, కానీ నీళ్లను పట్టుకుని వదలదు, పాలిస్టర్ కంటే ఆలస్యంగా ఆరుతుంది. ముడతలు పోవాలంటే ఇస్త్రీకి ముందు నీళ్లు చల్లుతాం కదా, అప్పుడు జరిగేది హైడ్రోజన్ బంధాలు వదులై కొత్త చోట మళ్లీ కట్టుకోవడమే.

ఫ్యాక్టరీల్లో కలప గుజ్జును పలచని యాసిడ్‌తో వేడి చేస్తారు. గొలుసులు చిందరవందరగా ఉన్న చోట యాసిడ్ వాటిని తెంపేస్తుంది. ఒత్తుగా అల్లుకున్న స్ఫటిక భాగాలు మిగులుతాయి. వాటిని కడిగి, చిక్కటి ద్రావణంలా చేసి, స్ప్రే డ్రయ్యర్‌లో వేడి గాలిలోకి చిమ్ముతారు. నీరు ఆవిరై పొడి కిందికి రాలుతుంది. దాన్ని మందుతో కలిపి ట్యాబ్లెట్ మెషీన్‌లో నొక్కితే రేణువులు నలిగి దగ్గరవుతాయి, వాటి మధ్య మళ్లీ హైడ్రోజన్ బంధాలు పడతాయి, గోలీ గట్టిపడుతుంది. కడుపులో నీళ్లు లోపలికి ఇంకి ఆ పట్టునే విడదీస్తాయి. గోలీ జేబులో విరగకుండా ఉండటానికీ, పొట్టలో విచ్చుకోవడానికీ కారణం ఒక్కటే. ఇంత సౌకర్యంగా పనిచేసే పదార్థం దొరకడం మందుల పరిశ్రమ అదృష్టమనే చెప్పాలి.

ఇక పేలుడు. ఏ పదార్థమైనా మండటం అంటే పాత బంధాలు తెగి కొత్త బంధాలు కట్టుకోవడం. బంధం తెంపడానికి శక్తి ఖర్చవుతుంది, కొత్త బంధం కట్టుకుంటే శక్తి జమ అవుతుంది. సెల్యులోజ్‌లోనూ గాలిలోని ఆక్సిజన్‌లోనూ బంధాలు తెంపే ఖర్చు కంటే, కార్బన్ డయాక్సైడ్, నీరు ఏర్పడినప్పుడు వచ్చే జమ చాలా ఎక్కువ. మిగులే మంట. ఒక కిలో సెల్యులోజ్ పూర్తిగా కాలితే వచ్చే వేడి దాదాపు నాలుగున్నర యూనిట్ల కరెంటుతో సమానం. అదే కిలో వంటగ్యాస్‌తో పోలిస్తే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అంటే ఈ పొడిలో ఏదో దాగి ఉన్న బాంబు ఏమీ లేదు. కట్టెలో ఉన్న శక్తే ఇందులోనూ ఉంది.

తేడా వేగంలో ఉంది. ఒక సెంటీమీటరు కట్టె ఘనాన్ని తీసుకోండి. గాలి తగిలే ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 50 మైక్రాన్ల ముక్కలుగా, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు సైజులో కోస్తే 80 లక్షల రేణువులవుతాయి, ఉపరితలం 1,200 చదరపు సెంటీమీటర్లకు చేరుతుంది. ఆ రేణువులన్నీ గాల్లో లేచి ఉన్నప్పుడు ప్రతి ఒక్కదాని చుట్టూ ఆక్సిజనే. దుంగ గంటసేపు కాలితే, పొడి మేఘం సెకనులో చిన్న భాగంలోనే కాలిపోతుంది. వేడి గ్యాసుకి పోవడానికి దారి లేకపోతే గోడలు బద్దలవుతాయి.

దీనికి ఘనమీటరు గాలికి కొన్ని పదుల గ్రాముల పొడి చాలు. ఇంకో సంగతి, ఇలాంటి ప్రమాదాల్లో మొదటి పేలుడు తరచూ చిన్నదే. దాని ఊపుకి దూలాల మీద, పైపుల మీద, కేబుల్ ట్రేల మీద నెలల తరబడి పేరుకున్న దుమ్ము లేస్తుంది. రెండో పేలుడు దాంట్లో జరుగుతుంది. ప్రాణాలు ఎక్కువగా తీసేది ఆ రెండోదే. అమెరికాలోని జార్జియాలో 2008 ఫిబ్రవరి 7న ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీలో చక్కెర దుమ్ము ఇలాగే పేలి 14 మంది చనిపోయారు. చక్కెరండీ, టీలో వేసుకునేది. పాశమైలారంలో ఆ ఉదయం సరిగ్గా ఏం జరిగిందో, ఎవరి బాధ్యత ఎంతో చెప్పడం దర్యాప్తుల పని, కోర్టుల పని. పొడి స్వభావం మాత్రం ఎక్కడైనా ఇదే. పిండి మిల్లయినా, పసుపు మిల్లయినా, ప్లాస్టిక్ పొడి పట్టే షెడ్డయినా మిల్లీమీటరు మందాన పేరుకున్న దుమ్మును తేలిగ్గా తీసుకోకూడదు. దాన్ని చీపురుతోనో, కంప్రెసర్ గాలితోనో లేపకూడదు. అందుకోసం తయారైన వాక్యూమ్‌తో పీల్చాలి, లేదా తడిపి తుడవాలి.

పొడుల గురించి ఇంకొక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఒకే అణువు రెండు రకాలుగా పేర్చుకుంటే రెండు వేర్వేరు స్ఫటికాలవుతాయి, వాటి గుణాలూ మారతాయి. హెచ్‌ఐవీకి వాడే రిటోనవిర్ మందు 1996లో మార్కెట్లోకి వచ్చింది. 1998లో అదే అణువు ఇంకో పేర్పులో స్ఫటికం కట్టడం మొదలుపెట్టింది. అది సరిగా కరగదు, కరగని మందు ఒంట్లోకి పోదు. అబ్బాట్ కంపెనీ ఆ క్యాప్సూల్‌ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లోపలి బంధం ఒక్కటి కూడా మారలేదు, మారింది పేర్పు మాత్రమే.

అత్తర్ నిలుస్తుంది, ఎండీసీ ఎగిరిపోతుంది

నూనెలో కట్టిన అత్తర్ రాసుకుంటే సాయంత్రం దాకా ఉంటుంది. స్ప్రే సెంటులోని ఆల్కహాల్ నిమిషంలో పోతుంది. అత్తర్‌లోవి పెద్ద అణువులు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. బల్క్ డ్రగ్ యూనిట్లలో వాడే సాల్వెంట్లకు కూడా ఇదే సూత్రం. యూనిట్లలో పనిచేసేవాళ్లకు ఈ పేర్లు నోటికి వచ్చు: మిథనాల్, టోలీన్, ఎసిటోన్, ఐపీఏ, డీఎంఎఫ్, ఎండీసీ. ఎండీసీ అంటే మిథిలీన్ డైక్లోరైడ్.

వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండే బ్యూటేన్ అణువు బరువు 58. ఎసిటోన్ అణువు బరువు కూడా 58. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే గ్యాస్ అవుతుంది, ఎసిటోన్ 56 డిగ్రీల దాకా ద్రవంగా ఉంటుంది. ఎసిటోన్ ధ్రువ అణువు కాబట్టి దాని పట్టు ఎక్కువ. మిథనాల్ బరువు 32 మాత్రమే, అయినా 65 డిగ్రీల దాకా మరగదు. దానికి హైడ్రోజన్ బంధం ఉంది. ఎండీసీ 40 డిగ్రీలకే మరుగుతుంది. సంగారెడ్డి మే ఎండలో షెడ్డు బయట పెట్టిన ఎండీసీ డ్రమ్ము ఎందుకు ఉబ్బుతుందో, బిరడా తిప్పగానే మొహం మీదికి ఎందుకు కొడుతుందో ఈ అంకె చెప్పేస్తుంది.

మరిగేదాకా ఆవిరి రాదనుకోవద్దు. అంటుకోడానికి సరిపడా ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర వస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. ఎసిటోన్‌కి అది సున్నాకి దాదాపు 20 డిగ్రీల కింద. టోలీన్‌కి 4, మిథనాల్‌కి 11 డిగ్రీలు. అంటే మన ఊళ్లో చలికాలం తెల్లవారుజామున కూడా ఈ మూడింటికీ నిప్పురవ్వ ఒక్కటి చాలు. పైగా ఎసిటోన్ ఆవిరి గాలి కంటే రెండింతలు, టోలీన్, ఎండీసీ ఆవిరులు దాదాపు మూడింతలు బరువు. అవి పైకి పోవు. నేల మీద పాకుతూ గుంటల్లోకి, కాలువల్లోకి, మెట్ల కిందికి చేరతాయి. పైకప్పు దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది కదా అని నిశ్చింతగా ఉంటే లాభం లేదు.

ఎండీసీ అంత తేలిగ్గా అంటుకోదు, అందుకే దాన్ని 'సేఫ్' అంటుంటారు. అది ఒంట్లోకి పోయాక కొంత భాగం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్న పదార్థాల గ్రూపులో పెట్టింది. డీఎంఎఫ్ ఇంకో రకం. అది నీళ్లతోనూ కలుస్తుంది, చాలా సాల్వెంట్లతోనూ కలుస్తుంది, కాబట్టి చర్మం దానికి పెద్ద అడ్డం కాదు. చేతుల్లోంచి ఒంట్లోకి పోయి లివర్‌ని దెబ్బతీస్తుంది. గ్రీజు వదలడానికి చేతులు సాల్వెంట్‌తో కడుక్కునే అలవాటు చాలా షెడ్లలో చూస్తాం. గ్రీజుతో పాటు చర్మంలోని కొవ్వు కూడా అందులో కరిగిపోతుంది. ధ్రువ పదార్థంలో ధ్రువ పదార్థం, అధ్రువ దాంట్లో అధ్రువం కరుగుతాయన్నది కెమిస్ట్రీలో అన్నిటికంటే పనికొచ్చే వాక్యం. దమ్ బిర్యానీ చేసిన దేగ్చీకి పట్టిన డాల్డా వట్టి నీళ్లకు పోకుండా సబ్బుకి పోవడం కూడా ఇందుకే.

టోలీన్, హెక్సేన్ లాంటి అధ్రువ ద్రవాలు కరెంటును దాదాపు పారనివ్వవు. పైపులోంచి ప్లాస్టిక్ బకెట్‌లోకి ధారగా పోస్తుంటే రాపిడికి పుట్టిన స్టాటిక్ ఎటూ పోలేక పేరుకుంటుంది. చిన్న స్పార్క్ చాలు. అందుకే లోహపు డ్రమ్ములే వాడి, క్లిప్పు వేసి, రాగి తీగతో ఎర్త్ చేయాలి. ఆ తీగ కట్టడాన్ని ప్లాంటుల్లో 'బాండింగ్' అనే అంటారు. మన పాఠానికీ దానికీ పేరు కలవడం యాదృచ్ఛికం, ప్రాణం కాపాడటంలో మాత్రం తక్కువదేమీ కాదు.

మాస్కుల సంగతి విడిగా చెప్పాలి. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు రేణువుల్ని ఆపుతాయి, ఆవిరి అణువుల్ని ఆపలేవు. ఆవిరికి యాక్టివేటెడ్ బొగ్గు కార్ట్రిడ్జ్ కావాలి. బొగ్గు ఉపరితలం వాండర్ వాల్ బలంతో అణువుల్ని అంటించుకుంటుంది. ఇక్కడే చిక్కు. టోలీన్ లాంటి పెద్ద అణువు బాగా అంటుకుంటుంది. మిథనాల్ మరీ చిన్నది, ఎండీసీకి ఎగిరిపోయే గుణం ఎక్కువ, రెండూ త్వరగా జారి లోపలికి వచ్చేస్తాయి. ఒకే కార్ట్రిడ్జ్ మాస్కు అన్నిటికీ ఇస్తుంటే అడగాల్సిన ప్రశ్న ఇదే. వీటికి బయటి నుంచి గాలి పైపు ఉన్న మాస్కు కావాలి.

ట్యాంకులోకి దిగేవాళ్లకు

పైన చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడ్ ఎఫ్లుయెంట్ ట్యాంకుల్లో, సంపుల్లో, డ్రైనేజీ మ్యాన్‌హోళ్లలో పుడుతుంది. గాలి కంటే కాస్త బరువు, కాబట్టి అడుగున నిలుస్తుంది. కొద్దిగా ఉంటే వాసన వస్తుంది. బాగా ఎక్కువైతే అది ముక్కుకి వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు.

నైట్రోజన్‌కి అసలు వాసనే లేదు. రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య మూడింతల బంధం ఉంటుంది, ప్రకృతిలో అతి గట్టి బంధాల్లో అదొకటి. ఆ పట్టు వల్ల అది దేనితోనూ తేలిగ్గా కలవదు. అందుకే రియాక్టర్లలో మంట రాకుండా నైట్రోజన్ నింపుతారు. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే కాబట్టి ఊపిరితిత్తులకి తేడా తెలియదు. నైట్రోజన్ నిండిన పాత్రలోకి తల పెట్టిన మనిషికి ఉక్కిరిబిక్కిరి కూడా అనిపించదు, రెండు మూడు ఊపిర్లలో కూలిపోతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ అంతే. మీటరుతో ఆక్సిజన్ కొలిచి, పర్మిట్ రాసి, బయట ఒక మనిషిని పెట్టకుండా దిగమంటే దిగకూడదు. కాంట్రాక్టు మనిషికి కాదనడం ఎంత కష్టమో తెలుసు, అయినా రాయాల్సిందే.

బోరు నీళ్లలో ఏముంది

పటాన్‌చెరు చుట్టూ మందుల యూనిట్లు పెరిగాక వ్యర్థ జలాలు ఇసుకవాగు, నక్కవాగుల్లోకి, అక్కణ్నుంచి మంజీరలోకి చేరాయి. పొలాలు, బావులు పాడయ్యాయి. పటాన్‌చెరులోనే ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ వేసిన పిటిషన్ సుప్రీంకోర్టుకు, తర్వాత హైకోర్టుకు, ఆ తర్వాత నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగింది. యూనిట్ల నీళ్లు శుద్ధి చేయడానికి పటాన్‌చెరు ఎన్విరోటెక్ ప్లాంటు 1994లో మొదలైంది.

శుద్ధి అంటే అందరికీ గుర్తొచ్చేది వడకట్టడం, తేర్చడం, కాచడం. మట్టికీ, సూక్ష్మజీవులకూ అవి చాలు, కరిగిన ఉప్పుకి చాలవు. నీటి అణువుకి ఒక వైపు రుణం, ఇంకో వైపు ధనం ఉందని చెప్పుకున్నాం. అవి సోడియంని చుట్టుముట్టి, క్లోరైడ్‌ని చుట్టుముట్టి ఆ గోడని ఇటుక ఇటుకగా విప్పేస్తాయి. లీటరు నీళ్లు దాదాపు 360 గ్రాముల ఉప్పుని ఇలా మింగేయగలవు, నీళ్లు మాత్రం తేటగానే కనిపిస్తాయి. గుడ్డలో వడకడితే ఉప్పు నీళ్లతో పాటే జారిపోతుంది. పటిక వేస్తే మట్టి దిగుతుంది, ఉప్పు దిగదు. కాచితే నీరు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాన్ని టీడీఎస్ అంటారు. తాగే నీళ్లలో లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. దాన్ని తగ్గించాలంటే ఆర్‌వో పొరైనా కావాలి, నీటిని ఆవిరి చేసి వేరుగా పట్టుకోవడమైనా కావాలి.

పొలానికి నష్టం ఇంకో రకంగా ఉంటుంది. రేగడి మట్టి పలకల మీద రుణావేశం ఉంటుంది, వాటిని కాల్షియం పట్టి ఉంచుతుంది. సోడియం ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి పారితే కాల్షియం చోట్లోకి సోడియం చేరుతుంది. సోడియం పట్టు తక్కువ. పలకలు విడిపోయి మట్టి తడిస్తే జిగురుగా, ఎండితే రాయిలా అవుతుంది, నీరు ఇంకదు.

యూనిట్లలో టీడీఎస్ ఎక్కువున్న నీళ్లను, తక్కువున్న వాటిని విడిగా పట్టాలనే రూలు ఇందుకే ఉంది. ఎక్కువున్న నీళ్లను ముందు స్ట్రిప్పర్‌లోకి పంపి తొందరగా ఎగిరే సాల్వెంట్లను తీసేస్తారు. తర్వాత ఎంఈఈ అనే వరుస బాయిలర్లలో నీటిని ఆవిరి చేస్తారు. చివర మిగిలిన ఉప్పు దుండిగల్ దగ్గరి ప్రమాదకర వ్యర్థాల డంపుకి పోవాలి. నీటి అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు తెంపి ఆవిరి చేయడానికి ఎంత వేడి కావాలో, అంత బొగ్గు, అంత డబ్బు. వర్షం పడే రాత్రి వాగులోకి వదిలితే ఆ ఖర్చు మిగులుతుంది. ఖాతాలు చదివిన మనిషిగా చెప్తున్నా, ఈ బెల్టు కాలుష్యం సగం ఇక్కడే అర్థమవుతుంది.

ఉప్పు పోయినా మందు మిగలొచ్చు. స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. దాదాపు 90 మందుల యూనిట్ల నీళ్లు శుద్ధి చేసే పటాన్‌చెరు ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని అందులో ఉంది. లెక్క కట్టండి. అలాంటి నీళ్లు 16 లీటర్లుంటే, అంటే ఒక బకెట్టులో, 500 మిల్లీగ్రాముల గోలీ ఒకటి కరిగి ఉన్నట్టు. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. అది ఆనాటి కొలత, ఇవాళ్టి నీళ్లకు అదే అంకె అంటించకూడదు. అయితే ఆ మందు అణువు స్వభావం మారలేదు. దాంట్లో కార్బన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య ఉన్న బంధం కార్బన్ కట్టుకునే బంధాల్లోకెల్లా గట్టివాటిలో ఒకటి. పైగా ఒకే అణువు మీద ధనం, రుణం రెండూ ఉండటంతో అది బురదకి, మట్టికి అతుక్కుని నిలుస్తుంది. అక్కడి బ్యాక్టీరియా దాంతో ఏళ్లు గడిపి, మందుకి లొంగకుండా తయారవుతాయి. లోహాలతో అతుక్కునే ఈ గుణం వల్లే డాక్టర్లు సిప్రోఫ్లాక్సాసిన్‌ని పాలతో, ఐరన్ గోలీతో, గ్యాస్ మందుతో కలిపి వేసుకోవద్దంటారు. కాల్షియం, ఐరన్ దాన్ని పట్టేసుకుంటే రక్తంలోకి పోయేది తగ్గిపోతుంది.

సాల్వెంట్లు భూమిలోకి దిగినా వాటి దారులు వేరు. టోలీన్ నీళ్లకంటే తేలిక, నీటి మట్టం మీద తేలుతుంది. ఎండీసీ నీళ్లకంటే మూడో వంతు బరువెక్కువ, బండ పగుళ్లు దొరికిన కొద్దీ అడుగుకి దిగిపోతుంది. బోరు ఇంకో వంద అడుగులు దింపితే మంచి నీళ్లొస్తాయన్న నమ్మకం అన్ని చోట్లా పనిచేయదు.

నీలం డ్రమ్ములు

చివరిగా మన బస్తీల్లో ప్రతి ఇంటి ముందూ కనిపించే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. నల్లా రెండు రోజులకోసారి వచ్చే చోట నీళ్లు పట్టుకోవడానికి కెమికల్ డ్రమ్ములు కొంటారు. సర్ఫ్ వేసి, బ్లీచింగ్ వేసి, ఎండలో పెట్టి వాడేస్తారు. అవి పాలిథీన్ డ్రమ్ములు. పాలిథీన్ కూడా గొలుసే, కార్బన్, హైడ్రోజన్ తప్ప ఏమీ లేని పక్కా అధ్రువ గొలుసు. ఉప్పు ద్రావణం, కాస్టిక్, పలచని యాసిడ్ దాని గోడలోకి పోలేవు, కడిగితే పోతాయి. టోలీన్, హెక్సేన్, ఎండీసీ మాత్రం దానికి సొంతవాళ్ల లాంటివి. గోడలోకే ఇంకిపోతాయి. సబ్బు నీళ్లు కడిగేది పైపొరని మాత్రమే. లోపల ఇంకింది నెమ్మదిగా, ముఖ్యంగా ఎండ తగిలినప్పుడు, మళ్లీ నీళ్లలోకి వస్తుంది.

కాబట్టి డ్రమ్ము కొనేటప్పుడు స్టిక్కర్ చింపేసి ఉంటే తాగే నీళ్లకి, వంట నీళ్లకి దాన్ని పెట్టొద్దు. స్టిక్కర్ ఉంటే పేరు చదవండి. మూత వేసి ఒక పగలు ఎండలో ఉంచి, సాయంత్రం మూత తీసినప్పుడు వాసన వస్తే అది గోడలోంచి వస్తున్నదే. అలాంటి డ్రమ్ములో మొక్కలు పెట్టుకోవచ్చేమో కానీ, నీళ్లు పట్టకండి.